పిక్కలో నరం

మా నాయిన పదిమందిలో కలుస్తున్నాడని మేమంతా సంబరపడిన ఏడాది ఒకటుంది. గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అంతకుముందు ఆయన ఎవరితోనూ మాట్లాడే మనిషి కాదు. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా చెలకలన్నీ ప్లాట్లుగా మారుతున్న కాలం అది. నాయిన ఒక ప్రైవేటు సర్వేయరు దగ్గర కొలత గొలుసు పట్టేవాడు. సర్వేయరు గొడుగు కింద నిలబడి చెయ్యి ఊపుతుంటే, గొలుసు కొస పట్టుకుని కంపల్లోనూ గట్ల మీదా పొద్దస్తమానం నడవడమే ఆయన పని. ఇవాళ కొంపల్లిలో గేటు పెట్టుకుని, లోపల కుక్కను పెంచుకుంటున్న వాళ్ళలో ఎంతమంది ఇళ్ళ హద్దులు మా నాయిన నడిచి చూపించినవో వాళ్ళకు తెలియదు. ఇంటికొచ్చేవాడు, కాళ్ళు కడుక్కునేవాడు, తినేవాడు, బీడీ ముట్టించేవాడు. దారిలో ఎవరైనా పలకరిస్తే తల ఊపి సాగిపోయేవాడు. ఆదివారం చర్చిలో ఆఖరి ప్రార్థనకు అందరూ కళ్ళు తెరిచేసరికి ఆయన బయట చెప్పులు వెతుక్కుంటూ ఉండేవాడు. "మీ ఆయన కంటికి మేం ఆనమా ఏంది?" అని సంఘంలో ఆడవాళ్ళు అమ్మను దెప్పేవాళ్ళు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి దారిలో ఆగడం మొదలుపెట్టాడు. బస్‌స్టాపుకి పోతూ కిరాణా కొట్టు ముందు ఆగి, "ఏం సేటూ, గిరాకీ ఎట్లుంది?" అనేవాడు. ఇంకాస్త పోయాక ఇస్త్రీ బండి దగ్గర నిలబడి వాళ్ళ పిల్లల చదువులు అడిగేవాడు. ఎవరూ దొరక్కపోతే గోడ మీది సినిమా పోస్టరును పైనుంచి కిందిదాకా చూసేవాడు. జన్మలో సినిమా హాలు మెట్లెక్కని మనిషి! అమ్మ మురిసిపోయింది. ఒక ఆదివారం మైకు పట్టుకుని, దేవుడు తన భర్త మనసు మార్చాడని సాక్ష్యం కూడా చెప్పింది. అందరూ హల్లెలూయ అన్నారు. నాయిన తల వంచుకుని కూర్చున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాం.

కాలు ఆయనను నడవనిచ్చేది కాదు. అదీ సంగతి. కొంత దూరం పోగానే కుడి పిక్క బిగుసుకుపోయేది. నిలబడితే కాసేపటికి వదిలేది, నడిస్తే మళ్ళీ పట్టేది. నడిరోడ్డు మీద ఊరికే నిలబడితే జనం ఏమనుకుంటారోనని పక్కన ఎవరుంటే వాళ్ళతో మాట కలిపేవాడు. పోస్టర్లో హీరో ఎవరో కూడా ఆయనకు తెలియదు. పనిలో వెనకబడుతున్నాడని సర్వేయరు గొణగడం మొదలయ్యాకగానీ ఇంట్లో నోరు విప్పలేదు.

"పిక్కల నరం గుంజుతాంది," అన్నాడు ఒక సాయంత్రం, వాకిట్లో కాలు చాపుకుని కూర్చుని.

ఆ ఒక్క మాట మమ్మల్ని ముంచింది.

మన తెలుగులో నరం కానిదేది? సెలైన్ పెట్టడానికి వచ్చిన నర్సు సూది పట్టుకుని "నరం దొరకట్లేదు" అంటుంది. ఆమె వెతికేది రక్తం పోయే గొట్టాన్ని. నిద్రలో పిక్క పట్టేస్తే "నరం మీద నరం ఎక్కింది" అంటాం. అక్కడ బిగుసుకున్నది కండ. చెయ్యి తిమ్మిరెక్కినా నరమే, మెడ తిరగకపోయినా నరమే, కోపమొస్తే తెగేవీ నరాలే. ధమని, సిర అనే మాటలు నేను బడిలో చదివాను, పరీక్షలో బొమ్మ గీసి భాగాలు గుర్తించాను, మార్కులు తెచ్చుకున్నాను. వాటితో ఎవరైనా ఇంట్లో మాట్లాడగా మాత్రం వినలేదు. "నా ధమని గుంజుతాంది" అని ఏ మనిషంటాడు? నాయిన నరం అన్నాడు. మేం నరాల డాక్టరు బోర్డు వెతుక్కుంటూ పోయాం. ఇందులో ఎవరికీ అనుమానం రావలసిన పనే లేకపోయింది.

ఆ డాక్టరు క్లినిక్ యాప్రాల్‌లో ఉండేది. బయట పెద్ద అక్షరాలతో నరముల వ్యాధి నిపుణులు అని రాసి ఉంది. లోపల చల్లటి గది, బల్ల మీద ప్లాస్టిక్ వెన్నెముక. డాక్టరు మర్యాదస్తుడే.

"ఏంటి పెద్దాయనా ఇబ్బంది?" అని అడిగాడు.

"నరం గుంజుతాంది సార్. నడుస్తుంటె గుంజుతది, నిలవడితె ఇడిసిపెడ్తది."

"నడుములో నరం నొక్కుకుంది. డిస్కు జరిగినట్టుంది," అన్నాడు డాక్టరు ఆ ప్లాస్టిక్ వెన్నెముకను మా వైపు తిప్పి. "మీరు బరువులు మోస్తారా?"

గొలుసు బరువే కదా అనుకుని నాయిన తల ఊపాడు.

డాక్టరు చిన్న సుత్తితో మోకాలి మీద తట్టాడు, కాలు పైకి లేపి చూశాడు, నడుముకి ఎక్స్‌రే రాశాడు. చెప్పులు విప్పమనలేదు. నాయిన పాదం ఆయన బల్ల కింద, చెప్పులోనే, అలా ఉండిపోయింది. ఎర్రటి సూదులు రాశాడు, మాత్రలు రాశాడు, నడుముకి బెల్టు రాశాడు, వేడి కాపడం పెడితే నరాలు వదులవుతాయని అమ్మకు చెప్పాడు. అమ్మ ఆ మాటను బైబిలు వాక్యంలా పట్టుకుంది.

ఎర్రటి సూదులంటే మా వైపు మహా గురి. రంగున్న మందు పనిచేస్తుందని నమ్మకం. నాయిన సూదులు పొడిపించుకుంటూ, చొక్కా కింద బెల్టు బిగించుకుని, మళ్ళీ గొలుసు పట్టుకుని పోయాడు. నెలలు గడిచాయి. ఆగే చోట్లు దగ్గరదగ్గరయ్యాయి. మొదట ఇస్త్రీ బండి దాకా పోగలిగినవాడు కిరాణా కొట్టు దగ్గరే నిలబడిపోయేవాడు. ప్రతిసారీ డాక్టరు "నరాలు కదా, టైము పడుతుంది" అనేవాడు. ఓపిక పట్టడం మా ఇంట్లో ఒకరు నేర్పవలసిన విద్య కాదు.

నేను అప్పటికి డిగ్రీ పూర్తిచేసి తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో చేరాను. పొద్దున్నే రాజీవ్ రోడ్డు మీద నిలబడితే కంపెనీ క్యాబ్ వచ్చి ఎక్కించుకునేది. నా పని ఎలుకల గదిలో. రక్తనాళాలు మూసుకుపోయిన కాళ్ళలో కొత్త నాళాలు మొలిపించే మందు కోసం అక్కడ పరిశోధన జరుగుతుండేది. ఎలుకకు మత్తిచ్చి, తొడలోని పెద్ద రక్తనాళాన్ని దారంతో కట్టేసేవాళ్ళు. కొన్నిటికి మందు ఇచ్చేవాళ్ళు, కొన్నిటికి ఇచ్చేవాళ్ళు కాదు. రోజూ పొద్దునా సాయంత్రం ఒక్కొక్క ఎలుకను ఎత్తి, పాదం ముట్టుకుని, చల్లగా ఉందా వెచ్చగా ఉందా, రంగు ఎలా ఉంది, గోరు నల్లబడిందా అని చూసి చెప్పడం నా ఉద్యోగం. మా పై అధికారి ఒక మేడం. కోస్తా వైపు ఆవిడ, కొంపల్లిలో ఇల్లు. చాలా పట్టింపు మనిషి. "ఊరికే పైనుంచి చూస్తే తెలీదమ్మాయ్, ముట్టుకోవాలి, రెండు కాళ్ళూ ముట్టుకుని పోల్చాలి" అని వెంటపడి నేర్పింది. ఒక్క పూట ఒక్క ఎలుక పాదం చూడకపోయినా ఊరుకునేది కాదు.

ఆ వేసవిలో నాయిన మేజోళ్ళు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఎండలు మండిపోతున్నాయి. చర్చిలో అందరం చెప్పులు బయట విడిచి జంపఖానాల మీద కూర్చుంటాం. మగవాళ్ళ వైపు వరసగా ఉన్న ఒట్టి పాదాల మధ్య మా నాయిన పాదాలకే నల్ల మేజోళ్ళు. ప్రసంగం జరుగుతున్నంతసేపూ నా చూపు అక్కడే ఉంది. ఇంటికొచ్చాక అడిగితే, "సల్లగ అయితున్నయి బిడ్డా కాళ్ళు" అన్నాడు. మే నెలలో!

వద్దంటున్నా వినకుండా కుడి కాలి మేజోడు లాగేశాను. పాదం మైనంలా పాలిపోయి ఉంది. చిటికెన వేలి కొస నీలం దాటి నల్లబడుతోంది. మడమ పక్కన చర్మం కమిలి, బొబ్బ చితికి, లోపల తడిగా ఉంది. ముట్టుకుంటే కుండలోంచి తీసినట్టు చల్లగా తగిలింది. ఎడమ పాదం ముట్టుకుని చూశాను. అది వెచ్చగా ఉంది. నా చేతులకు ఆ తేడా తెలుసు. పొద్దున్నే క్యాబ్ ఎక్కి పోయి రోజంతా చూసేది అదే.

"ఈ బొబ్బ ఏందే అమ్మా?" అన్నాను.

"ఉప్పు కాపడం బిడ్డా. సల్లగున్నదని జర గట్టిగనే పెట్టిన. నాయినకు ఏం సురుక్కు అనలేదు, ఇంకా పెట్టమన్నడు," అంది అమ్మ.

రక్తం అందని కాలికి వేడి తెలియదు. అమ్మ పెంకు మీద ఉప్పు కాల్చి, గుడ్డలో మూట కట్టి, ప్రేమగా, డాక్టరు చెప్పినట్టే, ఆ కాలిని రోజూ కాలుస్తూ వచ్చింది. ఈ సంగతి ఆమెకు నేను ఏనాడూ విడమరిచి చెప్పలేదు. ఎవరూ చెప్పనవసరం లేదు.

మరునాడు సెలవు పెట్టి నాయినను యాప్రాల్ తీసుకుపోయాను. అప్పటికీ ఆ డాక్టరు దగ్గరికే! ఇంకో డాక్టరెవరో తెలిస్తే కదా.

"సార్, పాదం సల్లగున్నది, రెండో కాలు అట్ల లేదు. రక్తం పోతలేదేమో సార్," అన్నాను.

"నువ్వేం చదివావమ్మా?"

"బీఎస్సీ సార్. తుర్కపల్లిలో ల్యాబుల చేస్త. మా ఎలుకలకు కూడా గిట్లనే..."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "చూశావా పెద్దాయనా, మీ అమ్మాయి నిన్ను ఎలుకని చేసింది," అన్నాడు.

నాయిన కూడా నవ్వాడు. డాక్టరు నవ్వాడు కాబట్టి నవ్వాడు. ఆ నవ్వుకు నేను ఇద్దరినీ క్షమించలేదు. డాక్టరు పాదం వైపు ఒకసారి వంగి చూసి, పుండుకి పూయడానికి ఆయింట్‌మెంటు రాసి, షుగరు పరీక్ష చేయించమన్నాడు. దారిలో ఆటోలో నాయిన నన్నే కోప్పడ్డాడు. "పెద్ద డాక్టర్ ముంగట గట్ల మాట్లాడ్తరా? ఇజ్జత్ పోయింది నాది," అన్నాడు. కాలు పోతున్న మనిషి ఇజ్జత్ గురించి పరేషాన్ అవుతున్నాడు.

ల్యాబులో మేడంకి చెప్పాను. ఆమె చేతిలో ఉన్న ఎలుకను బోనులో పెట్టి, చేతి తొడుగులు విప్పి, "పాదం పైన నాడి చూశారా ఎవరైనా?" అంది. లేదన్నాను. "రక్తనాళాల సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళు. రేపు కాదు, ఇవాళే," అంది. గుండెకీ నరాలకీ ఉన్నట్టు రక్తం పోయే దారులకు కూడా విడిగా డాక్టరుంటాడని నేను వినడం అదే మొదలు. ఆ జబ్బుకి మందు కనిపెట్టే చోట జీతం తీసుకుంటూ, ఆ జబ్బుకి డాక్టరున్నాడని తెలియకుండా ఉన్నాం మేమంతా. మా గదిలో పనిచేసేవాళ్ళలో మేడం తప్ప ఎవరికీ తెలియదు. మాకు ఎలుకల వరకే చెప్పారు.

నగరంలోని ఆసుపత్రిలో సర్జన్ ఒక ఆడమనిషి. ముందు నాయిన చేత చెప్పులు, మేజోళ్ళు విప్పించింది. పాదం మీద వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకుంది. తర్వాత పెన్ను లాంటి పరికరం తీసి, జిగురు రాసి, ఎడమ పాదం మీద ఆనించింది. పక్కనున్న పెట్టెలోంచి చప్పుడు వచ్చింది, తుఫాను గాలి వచ్చిపోతున్నట్టు. కుడి పాదం మీద పెట్టింది. ఏమీ రాలేదు. ఇంకోచోట పెట్టింది. పిక్క మీద, మోకాలి వెనక. ఏమీ రాలేదు.

"మిషిని ఖరాబైందా మేడం?" అని అడిగాడు నాయిన.

ఆమె జిగురు తుడిచింది. నన్ను బయటికి పిలిచి చెప్పింది. "నడుస్తుంటే పట్టేస్తోందన్నప్పుడే తెచ్చి ఉంటే దారి చూపించేవాళ్ళం. మూసుకున్న చోటును దాటించి వేరే నాళం వేసేవాళ్ళం. ఇప్పుడు పుండు చీము పట్టింది, కింద నాళాలేమీ మిగల్లేదు. మోకాలి కింద తీసెయ్యాలి. ఇన్నాళ్ళూ ఎవరికి చూపించారు?"

"నరాల డాక్టరుకి," అన్నాను.

ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. "అందరూ అక్కడికే వెళ్ళి వస్తారు," అంది.

కాలు తీసేశారు. తీసిన కాలిని మీరు తీసుకుపోతారా, మమ్మల్ని పారెయ్యమంటారా అని వార్డులో అడిగారు. అమ్మ పారెయ్యనివ్వలేదు. చర్చి సమాధుల తోటలో పెట్టాలంది. అక్కడ మొదలైంది సంఘ పెద్దల చర్చ. కాలికి స్థలం ఇస్తే అది ఆయన స్థలం కింద జమా, కాదా? రేపు మనిషి పోతే మళ్ళీ ఇంకో చోటు ఇవ్వాలా? హల్లెలూయ అన్న నోళ్ళే ఇవీ. చివరికి ప్రహరీ గోడ పక్కన, తుమ్మచెట్టు కింద, ప్రార్థన ఏమీ లేకుండా పూడ్చుకోమన్నారు. ఆసుపత్రిలో నాయిన, "ప్రార్థన చేసిన్రా?" అని అడిగితే, "అయ్యో, పాట కూడా పాడిన్రు," అంది అమ్మ. అబద్ధమాడే అలవాటు లేని మనిషి.

ఇంటికొచ్చాక లేని కాలు గుంజడం మొదలైంది. లేని చిటికెన వేలు మంట పెడుతోందని నాయిన పళ్ళు బిగించేవాడు. మళ్ళీ సర్జన్ దగ్గరికి పోతే, "ఇది నరాల వల్ల వచ్చేదే. నరాల డాక్టరుకి రాస్తాను," అంది. ఆ ఆసుపత్రి వరండాలో నాకు ఎంత నవ్వొచ్చిందో! పక్కనున్నవాళ్ళు నాకేదో అయిందనుకున్నారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. సర్జన్ నన్ను కూర్చోబెట్టి ఎడమ కాలి సంగతి చెప్పింది. అది కూడా అదే దారిలో ఉందనీ, బీడీ మానితే నిలుస్తుందనీ, లేకపోతే లేదనీ. పాదం పైన, బొటనవేలి ఎముకకు కాస్త పక్కగా వేళ్ళు ఎలా పెట్టాలో, నాడి ఎక్కడ దొరుకుతుందో నా చెయ్యి పట్టుకుని చూపించింది. "రోజూ చూడు. దొరకని రోజు ఆగొద్దు," అంది.

నాయిన బీడీ మానలేదు. మానానన్నాడు. దొడ్లో బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని తాగేవాడు. నేను అరిచాను, బీడీ కట్టలు బొగ్గుల్లో పడేశాను, తెచ్చిస్తున్నందుకు అమ్మతో నెలరోజులు మాట్లాడలేదు. "ఇంకో కాలు కూడా గోడ పక్కకు పంపుతవా?" అని ఒకసారి మొహం మీదే అడిగేశాను.

"కూసుండవెట్టిన్రు. చేతులకు పనిలేదు. గింత బీడీ కూడా తాగొద్దంటె పొద్దెట్ల పోవాలె బిడ్డా?" అన్నాడు. ఆ మాట నిజమే. అయినా నా కోపం మాత్రం తగ్గలేదు.

ల్యాబులో ఆ మందు పనిని మధ్యలో ఆపేశారు. ఎలుకల కాళ్ళు బాగానే కోలుకున్నాయి, అయినా దానికంటే లాభమున్న మందు ఏదో దొరికిందట. నన్ను వేరే గదికి మార్చారు. ముట్టుకోవడానికి నాకు మిగిలింది ఒక్క పాదమే. రోజూ పొద్దున్నే క్యాబ్ వచ్చే ముందు నాయిన మంచం పక్కన కూర్చుని నాడి చూసేదాన్ని. ఆయన పేపరు చదువుతున్నట్టు నటించేవాడు. "కొట్టుకుంటున్నదా?" అని అడిగేవాడు పేపరు దించకుండానే. "కొట్టుకుంటున్నది" అనేదాన్ని. అంతే, ఎవరి పనిలో వాళ్ళం పడేవాళ్ళం.

ముసురు పట్టిన ఒక పొద్దున కూర్చుని వేళ్ళు పెట్టాను. దొరకలేదు. కాస్త పక్కకు జరిపాను. దొరకలేదు. గట్టిగా నొక్కాను. అప్పుడు తగిలింది, టకటకమని, గట్టిగా. ప్రాణం లేచివచ్చింది. "కొట్టుకుంటున్నది నాయినా," అన్నాను.

ఆ మాట నోట్లోంచి రాగానే సర్జన్ చెప్పిన ఇంకో సంగతి గుర్తొచ్చింది. భయంతో గట్టిగా నొక్కితే, మన వేలిలో పారే రక్తమే మనకు తగులుతుందట. అనుమానం వస్తే రెండో చెయ్యి నీ మెడ మీద పెట్టుకుని చూడు, రెండూ ఒక్కసారే కొట్టుకుంటుంటే అది నీదే, అంది.

ఎడమ చెయ్యి నా మెడ మీద పెట్టుకున్నాను. కింద వేలికి తగిలిన ప్రతిసారీ పైన వేలికీ తగులుతోంది. ఒక్కటి కూడా ముందూ వెనకా పడలేదు.

బయట క్యాబ్ హారన్ కొట్టింది. "పో బిడ్డా, లేటైతది," అన్నాడు నాయిన పేపరు వెనకనుంచి.

"అమ్మా, క్యాబ్‌ను పొమ్మను. జల్దీ ఆటో పిలువు," అన్నాను.

నాయిన పేపరు దించాడు. నా మొహం చూడలేదు. మెడ మీదున్న నా చెయ్యిని చూశాడు. తర్వాత తన పాదాన్ని ఇంకా నొక్కుతున్న రెండో చేతిని చూస్తూ, తియ్యమని అనకుండా, అలాగే కూర్చున్నాడు.